మామూలు

తహసీల్ ఆఫీసు గోడకు ఆనుకొని నా జిరాక్సు డబ్బా.
ఒక మిషను, రెండు స్టూళ్లు, ఎండిపోయిన స్టాంపుప్యాడు,
కరెంటు పోతే విసురుకోనీకె ఎవరిదో పాత ఫైలు అట్ట.

ఊరంత బొంబయి బస్సెక్కే నారాయణపేటల
ఎదురుబస్సుకెల్లి దిగినోడు టేక్ బహదూర్.
నేపాల్ల అఛాం అట వాళ్ల జిల్లా.
కొండ దిగనీకె ఒక రోజు,
బస్సు దొరకనీకె ఇంకో రోజు.

పంతొమ్మిదేండ్లాయె.
రాత్రంత సరాఫ్ బజార్ల కట్టె కొట్టుకుంట తిరుగుతడు,
బంగారం దుకాండ్ల తాళాలు ఒక్కొక్కటి గుంజి చూస్తడు.
నెల మొదట్ల పొద్దుగాల, కండ్లు ఎర్రగ,
నోటుబుక్కు వట్టుకొని నా డబ్బా ముందట నిలవడ్తడు:
"దీదీ, మామూలు."
ఇరవై రూపాయలిస్త. సంతకం వెట్టిచ్చుకుంటడు.

తెలుగుల ఆయన నేర్చిన మొదటి మాట అదే.
ఎట్లున్నవంటె మామూలు.
ఎండ ఎట్లుందంటె మామూలు.
గిర్దావరుకు ఎంతియ్యాలంటె
అది గూడ మామూలే.
"మీ భాష మంచిది దీదీ,
ఒక్క మాట తోని ఊరు మొత్తం దాటొచ్చు" అన్నడు ఒకపారి.
ఎక్కిరింత గాదు. నిజంగనే మెచ్చుకున్నడు.

బిడ్డ పబిత్రకు ఇంటర్ సీటు కాడ
నివాసం కాయిదం అడిగిండ్రు.
కిరాయి చిట్టీ తెమ్మన్నరు, తెచ్చిండు.
కరెంటు బిల్లు తెమ్మన్నరు. బిల్లు ఇంటాయన పేరు మీదుండె.
ఇంటాయనను తెమ్మన్నరు.
ఆయన పుణెల ఉన్నడు, మేస్త్రీ పని.

నాకే మండేది.
"అడగవా నువ్వు? ఆ కాయిదం నీ హక్కు" అంటె
"హక్కు ఇంటోళ్లది దీదీ.
సుట్టం వచ్చినోడు పప్పుల ఉప్పు తక్కువుందని లొల్లి వెడ్తడా?
మా కాడ సంతకం వెట్టే మనిషి యాడుంటడో తెల్వది.
ఈడ మనిషుండు, కుర్చీ ఉంది, రేటుంది.
రేటుందంటె తొవ్వ ఉన్నట్టె."

అవతల ఏ బల్ల మీద, ఏ కాయిదం కింద, ఎంత వెట్టాల్నో
చెప్పినందుకు పది రూపాయలు తీసుకుంట నేను.
జిరాక్సు పైసల్ల కలిపి.
ఆయనకు గూడ చెప్పిన.
ఆయన కాడ గూడ తీసుకున్న.

జూన్ నెల. వానలేదు, కరెంటు లేదు.
పాత సారు బదిలీ అయిండు, కొత్తాయన వచ్చిండు.
పాత సారుకిచ్చినయి పాత సారు తోనే పోయినయి.
కొత్తాయన ఫైలు తెరువకుంటనే
పిల్ల దిక్కు చూసి అడిగిండట: "ఏ దేశమమ్మ మీది?"
పబిత్ర చెప్పింది:
"పాత గంజు గల్లి సార్."
ఆయన నవ్విండు. పక్క బల్ల నవ్వింది.
అటెండరు గూడ.

అప్పుడు ఇనవడ్డది నాకు,
గోడ అవతలికెల్లి,
కట్టె బల్ల మీద పడ్డ సప్పుడు,
దాని ఎనుక, ఎక్కడా యాస తప్పకుండ,
పాలమూరు సంతల పుట్టిపెరిగినోని గొంతు:
"ఏం సారూ, మీ అయ్య జాగీరా ఇది?"

సుట్టపాయన
పప్పుల ఉప్పు కోసం లొల్లి వెట్టిండు.

కాయిదం ఆ దినం రాలే.
తొమ్మిది దినాలకు వచ్చింది,
పబిత్ర అని లేదు, పవిత్ర అని ఉంది.
మళ్ల ఎంతిచ్చినవని నేనడగలే,
ఆయన చెప్పలే.

నెల మొదట్ల పొద్దుగాల నోటుబుక్కు వట్టుకొని వచ్చిండు.
"దీదీ" అన్నడు.
కొంచెంసేపు ఆగిండు.
"జీతం."

ఇరవై తీసిచ్చిన. సంతకం వెట్టిన.
ఆయన ఎనకనే ఒక ముసలామె నిలవడ్డది,
చేతుల పించను కాయిదాలు,
ఏ బల్ల కాడికి పోవాలె బిడ్డా అన్నది.
చెప్పిన.
పది రూపాయలు అడగనీకె నోరు రాలే నాకు.

మర్నాడు వచ్చింది.