సున్నా

పోలీసు కుర్రాడు గొట్టం అందించి ఊదమన్నాడు.
ఊదాను. మిషన్ మీద సున్నా.
ఇంకోసారి అన్నాడు. ఇంకోసారీ సున్నా.
అయినా వాడు అంకె వంక చూడలేదు,
నా ముక్కు వంకే చూశాడు.

స్ట్రామ్‌నెస్ నుంచి కిర్క్‌వాల్‌కి
పదకొండేళ్లుగా బస్సు తోలుతున్నాను.
చెట్లు బతకని ఆర్క్నీ దీవిలో
గాలికి అడ్డం నేనొక్కదాన్నే అన్నట్టు
స్టాపు స్టాపుకీ తలుపు తెరవగానే
ఉప్పుగాలి లోపలికొచ్చి నా చెంపలు వాయిస్తుంది.
కాళ్ల దగ్గర హీటరు సెగ, మొహాన శీతగాలి,
రెంటి నడుమా కందిపోయిన తోలు.

మొదట్లో సిగ్గనుకున్నారు.
తర్వాత ఎండన్నారు. ఇక్కడెక్కడి ఎండ?
నలభై దాటాక ఎవరూ ఏమీ అనలేదు.
అనకపోవడంలోనే అంతా ఉంది.
మా నాన్న తాగేవాడు, అది ఊరందరికీ తెలుసు.
నేను చుక్క ముట్టను, అది నాకొక్కదానికే తెలుసు.

మొటిమలనుకుని గరుకు సబ్బుతో రుద్దాను.
అక్క ఇన్‌గా ఇచ్చిన స్టెరాయిడ్ క్రీము పూశాను.
వారం రోజులు అద్దంలో ఎవరో తెల్లగా నవ్వింది.
మానేసిన మూడోనాడు
అప్పు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

డాక్టర్ రెండల్ దీపం దగ్గరికి లాగి
ముందు నా కళ్ల గురించి అడిగింది.
ఇసుక పడ్డట్టుంటుందా?
పదేళ్లుగా ఆ నింద సముద్రం మీద వేశాను నేను.

రొజేషియా, అంది.
ఎవరో ముద్దుగా పెంచుకున్న పూలమొక్క పేరులా ఉంది.
చర్మం కింద సన్నటి నాళాలు
తెరుచుకున్నాక మూసుకోవడం మరిచిపోతాయట.
అందరి మొహాల మీదా ఉండే కంటికానని పురుగులు
నా దగ్గర కాస్త ఎక్కువ కాపురాలు పెట్టాయట.
అసలెందుకొస్తుందో మాకూ పూర్తిగా తెలియదమ్మా, అంది.
ఆ తెలియదన్న మాట నాకు నచ్చింది.
తెలుసన్నవాళ్లను చాలామందిని బస్సెక్కించుకున్నాను.

రాత్రికి పల్చగా ఐవర్‌మెక్టిన్.
కొన్నాళ్లు చిన్న మోతాదు డాక్సీసైక్లిన్.
మబ్బు పట్టినా సరే, పొద్దున్నే సన్‌స్క్రీన్.
గోరువెచ్చని నీళ్లు, వేలికొసలు, అంతే,
అంట్లు తోమినట్టు మొహం తోమొద్దు.
రెప్పల మీద వెచ్చని గుడ్డ.
ఆపైన ఒక నోట్‌బుక్కు:
ఏ రోజు మండిందో, ఆ రోజు ఏం జరిగిందో.

సోమవారం. పొగలు కక్కే టీ. మంట.
బుధవారం. ఫెర్రీ రోజు, తలుపు ఎన్నిసార్లో. మంట.
శుక్రవారం. సూపులో మిరియాలెక్కువ. కాస్త.
ఆదివారం. గాలి లేదు, టీ లేదు, హీటరు లేదు.
చర్చిలో పక్కనున్నామె
నా ఊపిరి వాసన చూడ్డానికి వంగింది.
అన్నిటికన్నా ఎక్కువ.

ఆ పేజీ దగ్గర డాక్టరు పెన్ను ఆగింది.
దీనికి క్రీము లేదు, అంది చాలాసేపటికి.

పన్నెండు వారాలు.
పొక్కులు అణిగాయి. కళ్లలో ఇసుక తగ్గింది.
ఎరుపు కొంత ఉండిపోయింది,
అల వెనక్కి పోయాక ఇసుకలో తడిలా.
టీ చల్లారేదాకా ఆగడం నేర్చుకున్నాను.
అది మాత్రం ఇప్పటికీ శిక్షే.

నవంబరులో ఓ సాయంత్రం, ఫిన్స్‌టౌన్ స్టాపు.
ఈదరవానలో జెమైమా ఫ్లెట్ ఎక్కింది,
ఏనాడూ నా మొహం చూడకుండా చిల్లర లెక్కపెట్టిచ్చే మనిషి.
ఫిర్యాదు రాసింది ఆవిడేనో కాదో
మేనేజరు చెప్పలేదు, నేనడగలేదు.
వాన ఆవిడ పౌడరంతా కడిగేసింది.
కింద, రెండు చెంపల మీదా, ముక్కు మీదా,
నాకు వీధి వీధీ తెలిసిన ఊరు.

చటుక్కున కండువా పైకి లాక్కుంది.
డాక్టరు పేరు నాలుక చివరిదాకా వచ్చింది.
అనలేదు. నాకెవరైనా అలా అనుంటే
తర్వాతి స్టాపులోనే దిగిపోయేదాన్ని.

చెయ్యి చాచి
హీటరు ఒక మెట్టు తగ్గించాను.