దొరకని పేజీ

సన్‌షైన్ అని పేరున్న పేటలో
మూడు రోజులుగా ముసురు.
మెల్బోర్న్ పడమటి కొసన ఏడు బల్లల హోటల్,
నాలుగో బల్ల కుంటికాలి కింద మడిచిన కరెంటు బిల్లు.
ఆ బల్ల మీదే నా ల్యాప్‌టాప్.

"ముందు తిను" అంది కార్మెనా,
మౌస్‌ని ఎండు రొట్టెముక్కలా పక్కకి నెట్టి.
ఆకలి రుచెరగదంటారు మావాళ్లు, అన్నాను.
"ఎరిగేదాకా వడ్డించలేదేమో."

తెరిచే వేళలు చెప్పమన్నాను.
"పులుసు కుదిరాక."
అంటే ఎన్నింటికి?
"కుందేలునడిగి చెప్పనా?"
ఆ గడిలో అంకెలు తప్ప పట్టవు.
ఖాళీగా వదిలేశాను.

ఫోటో తీద్దామని గిన్నె అంచు తుడవబోతే
చెయ్యి పట్టుకుంది.
తొణికిన ఎర్రచార అలాగే ఉండాలట,
మరీ శుభ్రంగా ఉంటే
ఎవరో తినేసి వెళ్లిన గిన్నెలా ఉంటుందట.

'మా గురించి' రాయడానికి
రెండు మధ్యాహ్నాలు ఆలోచించి
ఒక్క వాక్యం చెప్పింది:
"మా ఆయన వంట తినలేక మొదలుపెట్టాను."
లోపల గిన్నెలు తోముతున్న సాల్వు
గట్టిగా దగ్గాడు.

అన్నీ అయ్యాక చివర్న,
చిరునామా తప్పు కొట్టినవాళ్లకి కనబడే పేజీ.
పళ్ల డాక్టరుకైనా పూలకొట్టుకైనా
నేనెప్పుడూ పెట్టేది ఒకటే:
మీరడిగిన పేజీ లేదు.

నుదుటి మీది కళ్లజోడు కిందికి దించింది.
"ఇక్కడికెవరొస్తారు?"
దారి తప్పినవాళ్లు.
"వచ్చినవాళ్లతో గుమ్మంలోనే
లేదంటావా?"
జవాబు కోసం ఆగలేదు.
కుళాయి చప్పుడు.
గ్లాసెడు మంచినీళ్లు తెచ్చి
కెమెరా ముందు పెట్టింది.

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
నేనిచ్చిన బిల్లు నాలుగు మడతలు పెట్టి
కరెంటు బిల్లు కింద దోపింది.
బల్ల ఇంకా కొంచెం ఊగుతూనే ఉంది.

ఇప్పుడు వేరే పనులు, వేరే కొట్లు.
ఒక్కోరాత్రి పని తెమలనప్పుడు
ఆ హోటల్ పేరు కొట్టి
వెనకాల ఒక అక్షరం
కావాలనే తప్పు వేస్తాను.

నీళ్లగ్లాసు.
దాని వెనక కిటికీలో వాన.
అంచున, ఎంత బతిమాలినా ఆమె తియ్యనివ్వని
సాల్వు బొటనవేలు,
సబ్బునురగతో.