రెండో కాలు

బరంపురం డాక్టరమ్మ రాసిన చీటీ
బియ్యం డబ్బా కింద మడతపెట్టే ఉంది.
చింపలేదు. ఇప్పుడే వద్దనుకున్నాం, అంతే.

పొద్దున్నే ఢిల్లేసుని
మహేంద్రతనయ ఒడ్డుకి తోలుతాను.
ఇసకలో మూడు పరుగులయ్యాకే చద్దన్నం.
"చొక్కా" అంటాను. ఆగుతాను.
తొడిగాక, "బొత్తాం".
మూడు మాటలు ఒక్కసారి అన్నానో
మూడూ ఏటిపాలే.

లెక్కలు రెండే.
ఆపైన మావయ్య కొట్టుకి పోయి
కొమ్ము ముక్కని గరుకు కాయితంతో రుద్దాలి.
ఆ గరగరలో గుంటడి మోకాలు ఊగదు,
ఎందుకో నాకూ తెలీదు.

బళ్ళో పాణిగ్రాహి మాస్టరు
వీణ్ణి కిటికీ పక్కనుంచి లేపి
ముందు బల్లలో కూచోబెట్టినారు,
సుద్దముక్కలు తెచ్చే పని అప్పగించినారు.
"బొసొ, బొసొ" అనడం మాత్రం మానలేదాయన.

కొన్నాళ్ళు ఏదీ పారదు.
నిన్న ఒడియా వాచకం కాలవలో తేలింది.
లేచిన చేతిని
పెరటి గోడకి ఆనించి నిలబడ్డాను.

సాయంత్రం కొమ్ము కొంగ ఒకటి
నా ఒళ్ళో పడీసినాడు.
మావయ్య చెక్కింది, వీడు నునుపు పెట్టింది.
"రెండో కాలేదిరా?"
"దానికి కదలకుండా నిలబడ్డం వచ్చమ్మా, ఒక్కటి చాలు"
అంటూనే గుమ్మం దాటి
వీధిలోకి దూకీసినాడు.