పద్నాలుగు క్రియల ఇల్లు

మూడో అంతస్తులో దిండు మగవాడు.
దుప్పటి ఆడది.
తువ్వాలు ఆడది, అద్దం మగవాడు,
తాళంచెవి ఆడదంటే సరే,
దుమ్ము కూడా ఆడదేనట.
ఎవరు తేల్చారో గానీ
చీపురును మాత్రం మగవాణ్ణి చేశారు,
మా హోటల్లో వాడెప్పుడూ ఒంటరిగా పనిచెయ్యడు.

గదిగదికీ పేర్లు గొణుక్కుంటూ వెళతాను.
ట్రాలీ మీద, సబ్బుల డబ్బా వెనక
తడిసి ఉబ్బిన నోటుబుక్కు.
అజువా నవ్వుతుంది. ఆమెది అబిజాన్.
ఈ భాషలోనే పాలపళ్ళు ఊడినదానికి
పరీక్షంటే ఏం తెలుసు.

మంగళవారం, గురువారం సాయంత్రం ఆరింటికి
సెంతెతియెన్ స్టేషన్ వెనక సొలాంజ్ మేడమ్ క్లాసు.
ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ముద్రలు గుద్దిన చెయ్యి
ఇప్పుడు మా తప్పుల కింద పెన్సిలుతో మెత్తగా గీస్తుంది.

మా తిగ్రిన్యాలో ప్రతి అక్షరమూ
తన అచ్చును చంకనేసుకునే పుడుతుంది.
రాసిందంతా దాదాపు పలుకుతాం.
ఇక్కడ మాట చివర మూడు నాలుగు అక్షరాలు
ఉంటాయి. చప్పుడు చెయ్యవు.
అలా ఎలా ఉండాలో నాకు తెలుసు.

వినే పరీక్షలో ఎవరో ఒకరు గొడుగు పోగొట్టుకుంటారు.
ఎప్పుడూ గొడుగే.
రైలు నాలుగో ప్లాట్‌ఫారం నుంచి ఏడుకు మారుతుంది,
ఎవరూ ఏడవరు.
ప్రతిదీ రెండుసార్లు వినిపిస్తారు.
ప్రిఫెక్చర్ కిటికీలో ఆవిడ
ఒక్కసారే చెప్పి అద్దం మూసేసింది.

ఒకరోజు మేడమ్ బోర్డు మీద ఇల్లు గీసింది.
భూతకాలంలో 'ఉండు' తోడుంటే తప్ప కదలని
పద్నాలుగు క్రియలు అందులో కాపురం.
గుమ్మంలో రావడం, వెళ్ళడం.
మెట్ల మీద ఎక్కడం, దిగడం.
కిటికీలోంచి పడటం.
పై గదిలో పుట్టడం, పక్క గదిలో చావడం.
వసారాలో కుర్చీ వేసుకుని ఉండిపోవడం.
చూస్తూ కూర్చున్నాను.
వీటన్నిట్లో నేను చెయ్యనిది ఒక్క చావే.

"మరి తుడవడం?" అడిగాను.
"కడగడం, మడవడం, మొయ్యడం?"
అవి ఆ ఇంట్లో ఉండవట.
వాటికి 'కలిగివుండు' తోడు రావాలట.
అజువాకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

ఎనిమిదేళ్ళ లువామ్
పళ్ళు తోముకుంటూనే నా ఉచ్చారణ దిద్దుతుంది.
ఈల వేసేట్టు పెదాలు పెట్టి 'ఈ' అనాలట.
అద్దం ముందు ఇద్దరం ఈల రాని పిట్టలం.

కోరికకీ భయానికీ
ఈ భాషలో క్రియ ఒకే వేషం కడుతుంది.
ఆ ఒక్క పాఠం నాకు ఒక్కరోజులో వచ్చేసింది.

శనివారం. చీటీ తీశాను:
'ఒక సమస్య గురించి మేనేజరుకు ఫిర్యాదు చెయ్యండి.'
పరీక్షించేవాడు కుర్రాడు,
కళ్ళజోడు ఒక పక్క టేపుతో అతుక్కుని ఉంది.
"నేనే మీ మేనేజర్ని" అన్నాడు.

వల్లెవేసినవి, పగిలిన ఫోను, పక్కింటి కుక్క,
ఏవీ నోటికి రాలేదు.
అయ్యా, మీ లిఫ్టు చెడిపోయి పదకొండు రోజులు, అన్నాను.
నాలుగంతస్తులు. తడి దుప్పట్లు ఎంత బరువో ఎత్తి చూశారా.
అజువా మోకాలు వాచింది.
మీరు బాగుచేయించాలని కోరుతున్నాను,
చేయించరేమోనని భయపడుతున్నాను.
రెండుచోట్లా వేషం సరిగ్గా కుదిరింది.

అతని పెన్ను ఆగింది.
"చూస్తాను, మేడమ్" అన్నాడు.
నటనకైనా సరే,
ఈ దేశంలో నాతో ఎవరూ అంతవరకూ ఆ మాట అనలేదు.

ట్రాములో ఇల్లు చేరుతుండగా గుర్తొచ్చింది.
లిఫ్టు మగవాడు!
మాట ముందు అచ్చు ఉంటే లింగం దాని వెనక నక్కుతుంది.
ఐదు నిమిషాలు
వాణ్ణి ఆడదాన్ని చేసి తిట్టాను.

ఫలితాలు ఆరు వారాలకట.
సోమవారం దుప్పట్ల మూట భుజాన వేసుకున్నాను.
మెట్టు ఆడది. ఇది మాత్రం ఖాయంగా తెలుసు.
ఆడది, ఆడది, అనుకుంటూ
డెబ్భై రెండూ ఎక్కాను.