మూడో పొర

ఐలిఫ్, ఆ మీటరు ఇలా ఇవ్వు.
రెండు సూదులే. పాముకాటులా దిగాలి.
సుత్తితో కొట్టు, మూడో పొర దాకా.
పైన ఎప్పుడూ పొడిగానే ఉంటుంది,
మర్యాదస్తుల ముఖంలా.

బెర్గెన్‌లో ముసురు పట్టిందంటే
క్యాలెండరు కూడా నానిపోతుంది.
అలాంటి అక్టోబరులోనే ఈ బడి పైకప్పు
లారీల మీద వచ్చింది,
స్ప్రూస్ పలకలు, ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం,
జిగురుతో అతికి, కొత్త పుస్తకం వాసనతో.
గుడారం వేద్దామన్నాను.
గుడారమంటే ఖర్చు, గుడారమంటే ఆలస్యం.
"చెక్కేగా, ఆరుతుందిలే" అన్నాడు సిగ్‌బ్యోర్న్.
అబద్ధమేం కాదు. చెక్క ఆరుతుంది,
ఆరనిస్తే.

నీళ్ళు తుడిచి, రెండు రోజులు వేడిగాలి కొట్టి
నల్లటి పొర కప్పేశాం,
ఊపిరి తీసే సందు లేకుండా.
తడిగుడ్డతో గొంతు కోశాం.

చెక్క కొసల్లోంచి తాగుతుంది, ఐలిఫ్.
ఒంటి మీద పడ్డ వాన జారిపోతుంది,
కోసిన చోట పడ్డది లోపలికి పోతుంది.
మనుషులూ అంతే అనను.
మనుషుల సంగతి నాకు తెలీదు.

పదకొండేళ్ళు ఎవరికీ ఏమీ కనబడలేదు.
కింద పిల్లలు బొమ్మలేసుకున్నారు.
ఈ ఏప్రిల్‌లో ఒక పాప అందట:
"టీచర్, మన గది పుట్టగొడుగుల వాసనేస్తోంది."
అందరూ నవ్వారట.

నిన్న పొర చీల్చాం.
వేలు పెడితే వేలు దిగింది.
గోధుమరంగు గళ్ళుగళ్ళుగా పగిలి
ఎండిన రై రొట్టెలా అరచేతిలో నలిగింది.
ఎంత పొడిగా ఉందంటే
దీన్ని చంపింది నీళ్ళంటే ఎవరూ నమ్మరు.
పక్కనే తెల్లటి దారాలు,
ఎవరో తీరిగ్గా కూర్చుని అల్లినట్టు.

ఇక్కడ ఇరవై ఏడు.
అక్కడ ముప్ఫై ఒకటి.
ఆ మూల పద్నాలుగు. బంగారం లాంటి చెక్క,
దాన్ని ముట్టుకోకండి.

పొద్దున పాత ఫైలు తీశారు.
"తేమ పదహారు శాతం. మూసేయవచ్చు."
కింద గున్‌వోర్ అని నా సంతకం,
తోక కాస్త అలుక్కుపోయి.
చలిగా ఉండింది ఆ రోజు. చీకటి పడుతోంది.
సిగ్‌బ్యోర్న్ కాఫీ పట్టుకుని నిలబడ్డాడు.
సూదులు చేత్తోనే గుచ్చాను,
గోరంత.

అదుగో, మళ్ళీ చినుకు.
గుడారం తాళ్ళు బిగించమను వాళ్ళని,
అది కట్టేదాకా నేనిక్కణ్ణుంచి దిగను.
నువ్వు రాసుకో: తేదీ, చోటు, అంకె.
లోతు.
లోతు మాత్రం మరిచిపోకు.