లాభం, రెండు, మూడు

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
పదిహేడేళ్ళుగా లెక్క రాసే గుమాస్తాను.
నా పుస్తకం అంచులు పసుపు.
నా చూపుడువేలికి పట్టిన పులుపు
సబ్బుతో రుద్దినా పోదు.

ఆ వేలితోనే
బస్టాండు పక్క జిరాక్సు కొట్లో
ఒకే మాట కొడుతూ పోయాను:
కాయ వెయ్యి
కాయ వెయ్యి
కాయ వెయ్యి
నాలుగోది కొట్టేలోపే షమీనా నవ్వింది.
"ఐదు వందలంటే ఐదు వందలసార్లు కొడతారా అంకుల్?
చేసే పని ఒక్కసారి చెప్పండి.
ఎన్నిసార్లో పైన చెప్పండి.
దాని దారిన అది తిరిగొస్తుంది."

డిగ్రీ రెండో ఏడు ఆ పిల్ల.
వాళ్ళ నాన్న లామినేషన్ చేస్తూ వింటున్నాడు,
నా పాఠానికి డబ్బు తీసుకోవాలో వద్దో తేల్చుకోలేక.

పైన ఫర్ అని ఒక వరస.
కింద, కాస్త లోపలికి జరిపి, ఇంకో వరస.
గడప దాటి లోపలికొస్తేనే ఇంటి మనిషట.

ఐదు అన్నాను.
సున్నా ఒకటి రెండు మూడు నాలుగు
అని ఆగింది.
"ఒకటి ఎగ్గొట్టిందమ్మా ఇది.
మా యార్డులో అయితే ఈపాటికి కొట్లాటే."
"ఎగ్గొట్టలా. మొదటిది సున్నా. లెక్కపెట్టండి, ఐదే."

అప్పుడు చెప్పాను పెంచలమ్మ సంగతి.
గుట్ట ముందు గొంతుక్కూచుని
చేతికి ఐదు కాయలు బస్తాలోకి విసురుతూ
ఆమె ఒకటి అనదు.
లాభం అంటుంది.
లాభం, రెండు, మూడు...
ఒకటి అనే నోరు ఆ యార్డులోనే లేదు.
షమీనా మీటల మీద చెయ్యి ఆపి
"అంటే మీ ఒకటి కూడా ఒకటి కాదన్నమాట" అంది.
కాదు.
ఇన్నాళ్ళూ రాస్తూనే ఉన్నా, నాకు తట్టలా.

రెండోవారం వైల్ లూప్.
గుట్టలో కాయ ఉన్నంతసేపు తియ్యమన్నాను.
తీసింది తగ్గించమనడం మరిచాను.
తెర నిండా
లాభం లాభం లాభం లాభం
లాభం లాభం లాభం లాభం
ఆగదు.
పాత డబ్బా, ఫ్యాను రొద పెట్టింది.
మా షావుకారు చూస్తే దండేసి దణ్ణం పెట్టేవాడు,
ఒక్క కాయా కదలని ఆ లాభానికి.
షమీనా రెండు మీటలు కలిపి నొక్కింది.
"తగ్గాలంకుల్. ప్రతి చుట్టుకీ ఏదో ఒకటి తగ్గాలి.
లేకపోతే అయిపోవడమనేది ఉండదు."
"ఈ మిషను మీద అప్పు కూడా అంతేలే"
అన్నాడు వాళ్ళ నాన్న, తలెత్తకుండా.

నెల తిరిగేసరికి నా ప్రోగ్రాము నిలబడింది.
లోపలి లూపుకి ఐదు, బయటిదానికి ఇరవై,
నూరు కాగానే ఒక చుక్క.
పెంచలమ్మ గురుతుకి నూటికొక కాయ పక్కన పెట్టుకుంటుందే,
దాని బదులు.
సున్నా పేరు మార్చి లాభం చేశా.
ఫోన్లోకి ఎక్కించి
మర్నాడు టీ తాగేవేళ ఆమె ముందు పెట్టాను.

చదువు రాదు ఆమెకి. నేనే పైకి చదివాను.
తల ఊపుతూ వినింది.
నూరు దగ్గర ఆమె ఎడమ చెయ్యి
దానంతటది పక్కకు పోయింది,
లేని కాయని పెట్టడానికి.
"బాగుండాదబ్బయా," అంది.
"మరి కుళ్ళినియ్యి యాడ ఏరతా ఉండాది ఇది?"

పదిహేడేళ్ళు ఆమె కూత విన్నాను.
చేతిని చూళ్ళేదు.
ఇప్పుడు చూస్తున్నా:
ఐదింట్లో ఒకటి మెత్తగా తగిలితే
అది వెనక్కి పోతుంది,
ఆ చేతే ఇంకోటి అందుకుంటుంది,
కూత తప్పదు,
మూడు మూడుగానే ఉంటుంది.

సాయంత్రం షమీనాని అడగాలి,
తిరిగేదాన్ని ఆపకుండా
ఒక్క కాయని మాత్రం వదిలెయ్యడం ఎట్టాగో.
దానికీ ఒక మాట ఉండే ఉంటుంది.

ఢిల్లీ లారీ హారన్ కొడుతోంది.
పెంచలమ్మ గుట్ట మీదికి వంగింది.
నేను పుస్తకం తెరిచాను.

లాభం.