వీపు అందదు

మన పక్క సముద్రానికి ఇసకే గాని బండ లేదు.
అందుకని ఎత్తిరాజులు సారు
నెరబైలు దాటినాక, తలకోన నీళ్లు దిగొచ్చే వాగులో
ఒక బండ చూపించి
"ఇదే మన రేవు, దీంతోనే సర్దుకోవాల" అన్నాడు.
బండ నిండా నత్తలు,
అనప గింజంతవి, మిరియమంతవి,
ఎవురో ఆరబోసి మరిచిపోయినట్టు.

జానెడు చదరంగా వంచిన ఇనప తీగె
బండ మీద పెట్టి లోపలివి లెక్కపెట్టేది నా పని.
పదిహేడు. ఇరవై రెండు. మళ్లీ పదిహేడు.
ఇంకో చదరానికి దోమతెర కప్పి
చుట్టూ గులకరాళ్లు పేర్చినాం,
ఒక్క నత్త కూడా దూరకుండా.

నెలకు పోయి చూస్తే
తెర కింద పాచి జడలు కట్టి ఊగతా ఉండాది.
నాకెందుకో సంతోషమేసింది.
తినే నోరు లేకపోతే ఎంత బాగా బతకొచ్చో అనుకున్నాను.

ఇంకో నెలకు
అడుగు పొరకు వెలుతురు అందక కుళ్లి
చాప మాదిరి లేచి
ఒక్క వాన దెబ్బకు మొత్తం కొట్టుకుపోయింది.
మిగిలిన జిగట మీద కాలు పెట్టి నేనూ జారినాను.
మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.
నత్తలు మేసిన పక్క మాత్రం
పెనానికి నూనె గుడ్డ అద్దినంత పచ్చన,
రోజూ తరుగుతా, రోజూ మొలస్తా.

"అది నాలిక కాదు మా, ఆకురాయి,"
అన్నాడు సారు. "ముందు పళ్లు అరిగితే
వెనక నించి కొత్తవి జరిగొస్తాయి."
ఆ రాత్రి తిరుపతి హాస్టల్లో
ఫ్యాను కిర్రుమన్నప్పుడంతా
ఎక్కడో ఒక బండను ఎవురో నాకుతున్నట్టే ఉండింది.

చెంగమ్మ బుట్ట పట్టుకుని అదే వాగుకు వస్తాది.
"మీరు లెక్కపెడతారు, నేను వండుకుంటా.
ఎవురి లెక్క వాళ్లది" అంటాది.
ఒక దినం నా పదిహేడు పదకొండయినాయి.
నేను అడగలేదు.
ఆమె చెప్పలేదు.

ఆమే ఒక నత్తను అరచేతిలో పెట్టి చూపించింది.
గుల్ల మీద పాచి, పచ్చగా, బొచ్చు మాదిరి.
"చూడు మే, బండంతా మేసొస్తాది,
దాని వీపు దానికి అందదు."
మళ్లీ నీళ్లలో వదిలి, "ఉండు" అంది.
ఉన్నాం.
నా కాళ్లు తిమ్మిరెక్కినాక
ఇంకోటి నిమ్మళంగా వచ్చి
దాని మీదికెక్కింది.
కొట్లాట అనుకున్నాను.
కాదు, మేస్తా ఉండాది.
కిందిది కదల్లేదు.

సారు అంతకు ముందే బస్సుకు పోయినాడు.
ఎండ బండ మీద నించి జరిగింది.
చెంగమ్మ మోకాటి లోతు నీళ్లలో కూలబడి
రవిక విప్పి గట్టు మీదికి విసిరేసి
బీరపీచు నా చేతికిచ్చింది.
"రుద్దు మే. ఆయప్ప పోయినప్పటి నించి
నడిమధ్య బెత్తెడంత అట్లనే ఉండిపోయింది."

రుద్దినాను.
మొదట మొహమాటంగా, పైపైన.
"అన్నం తినలేదా నువ్వు?" అని అరిచినాక గట్టిగా.

లెక్కల పుస్తకంలో ఆ తేదీ ఎదురుగా ఏమీ లేదు,
ఒక తడి వేలిముద్ర తప్ప.

తర్వాత నన్ను తిప్పి కూచోబెట్టింది.
ఆమె చెయ్యి కూడా ఆకురాయే.